ముట్టుకుని చెప్పు

ఇంట్లో పెన్నులన్నీ మాయమయ్యాయి.

మొదట గమనించింది తల్లి. లాండ్రీకి వేసే బట్టల చీటీ రాద్దామని ఫ్రిజ్ మీద చెయ్యి పెడితే పెన్ను లేదు. టీవీ కింద సొరుగులో లేదు. ఫోను పక్కన దారం కట్టి వేలాడదీసిన పెన్ను కూడా లేదు, దారం మాత్రం వేలాడుతోంది. ఆ దారం చివర చూడగానే ఆవిడకి సంగతి అర్థమైపోయింది. కోపంలో కూడా అంత నీటుగా కత్తిరించే ఓపిక ఆ ఇంట్లో పెద్దకూతురికే ఉంది.

"పెన్నులేం చేశావే?"

"నా హ్యాండ్‌బ్యాగులో ఉన్నాయి."

"అన్నీనా?"

"పద్నాలుగు. ఒక స్కెచ్ పెన్ను కూడా తీసుకున్నాను."

పెద్దమ్మాయి హ్యాండ్‌బ్యాగుని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ వేసుకుని, సోఫాలో బస్సు కోసం కూర్చున్నదానిలా కూర్చుంది. మొన్నటి నుంచి ఆమె అన్నం ముట్టలేదు. ఎవరైనా బతిమాలితే టీ తాగుతోంది.

ఆమెకి ఎదురుగా, భోజనాల బల్ల దగ్గర తండ్రి. రేవులో అందరూ ఆయన్ని కెప్టెన్ గారంటారు. ముప్ఫై రెండేళ్ళుగా సరస్సు మీద నీటి విమానాలు నడిపిన మనిషి. ఆయన ముందు గోధుమరంగు కవరు, దాంట్లోంచి బయటికి తీసిన ఒకే ఒక్క కాగితం. నాలుగు గంటలకి విచారణ అధికారి వచ్చి ఆ కాగితం పట్టుకెళ్తాడు. ఇప్పుడు మూడు కావస్తోంది.

"నా పెన్నేదమ్మా?" అన్నాడు కెప్టెన్, తలెత్తకుండా.

"ఇవ్వను."

"చిన్నపిల్లలాటలా ఇవి?"

"నాన్నా, నువ్వు సంతకం పెట్టే కాగితంలో ఏముందో ఒకసారి పైకి చదువు. చిన్నపిల్ల ఎవరో తేలిపోతుంది."

ఆయన చదవలేదు. చదవక్కర్లేదు కూడా, నాలుగు రోజులుగా అది ఇంటిల్లిపాదికీ కంఠతా వచ్చేసింది. 'విమానం బయల్దేరే ముందు రెండు ఫ్లోట్లలోని పన్నెండు అరల్లో చేరిన నీటిని నేను స్వయంగా తోడాను. పుస్తకంలోని లెక్క సరైనది.' అది కెప్టెన్ మాట. దాని కింద అధికారి మాట. 'కనుక ఎడమ ఫ్లోటులోకి నీరు ఆ తరువాతనే చేరింది. రేవు వదిలేటప్పుడు పైలట్ అజాగ్రత్త వల్ల ఫ్లోటు దేనికో తగిలి ఉండాలి.'

ఆ పైలట్ పెద్దమ్మాయి భర్త. నలభై ఒక్క రోజుల కిందట, పొద్దున్న ఆరుంబావుకి, నీళ్ళ మీద పరుగెత్తుతున్న విమానం ఎడమ ఫ్లోటు ముక్కు ముంచేసి తలకిందులైంది. ముగ్గురు ప్రయాణికులూ బయటికి వచ్చారు. అతను రాలేదు.

"నేను పెడుతున్నది నా లెక్కకి సంతకం," అన్నాడు కెప్టెన్. "ఆ కింద ఏం రాసుకుంటారో వాళ్ళిష్టం."

"నీ లెక్క నిజమైతే ఆయన అజాగ్రత్త నిజమైనట్టే కదా. అలాగే కదా రాశారు, కనుక అని? ఆ కనుక అన్న మాట దగ్గర నాకు ఊపిరి ఆగిపోతోంది నాన్నా. ఆయన దేనికో తగిలించాడట! గేటు దాటేటప్పుడు స్కూటరు దిగి రెండు పక్కలా చూసే మనిషి. సినిమాకి వెళ్తే తలుపు దాకా ఎన్ని కుర్చీలో లెక్కపెట్టేదాకా నన్ను కూర్చోనిచ్చేవాడు కాదు. ఆయన రేవు వదిలేటప్పుడు చూసుకోలేదా?"

వంటింటి గుమ్మంలో నిలబడ్డ చిన్నమ్మాయికి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. ఆ కుర్చీల లెక్క ఆమెకీ తెలుసు. బావకి 'లెక్కల మాస్టారు' అని పేరు పెట్టింది ఆమే. కుక్కర్ కూతలు లెక్కపెట్టే మగవాణ్ణి ప్రపంచంలో ఇంకెవరికీ ఇవ్వలేదే దేవుడు, నీకే ఇచ్చాడు అని అక్కని ఏడిపించేది. బావ కోప్పడేవాడు కాదు. "మరదలా, ఏదో ఒక రోజు నా లెక్కే నీకు పనికొస్తుంది," అనేవాడు.

పైలట్ అవుతానని ఆమె పేచీ పెట్టినప్పుడు ఇల్లంతా ఒక వైపు, బావ ఒక్కడూ ఆమె వైపు. మొదటి రోజు విమానం ఎక్కించలేదు. రేవుకి కట్టేసి ఉన్న విమానంలో కూర్చోబెట్టి, కళ్ళకి రుమాలు కట్టి, తలుపు గడియ ఎక్కడుందో చేత్తో వెతకమన్నాడు. ఎడమ మోకాలి నుంచి జానెడు పైకి, జానెడు ముందుకి. అలా నలభై సార్లు. తలకిందులైతే కుడి ఎడమలు మారిపోయినట్టుంటాయి మరదలా, కానీ మోకాలు నీతోనే ఉంటుంది, దాన్నుంచి కొలుచుకో అన్నాడు. లైఫ్ జాకెట్ మాత్రం లోపల ఊదకు, ఊదితే పైకప్పుకి అంటుకుపోయి తలుపు దాకా దిగలేవు, బయటికి వచ్చాకే తాడు లాగు అన్నాడు. ప్రయాణికులకీ ఇదే పాఠం, ఎంత తొందరలో ఉన్నా. ఆ రోజు బతికి బయటపడ్డ టీచరమ్మ ఆస్పత్రిలో అదే చెప్పింది. "గడియ మూడుసార్లు ముట్టుకోమంటే నేను నవ్వానమ్మా," అంటూ ఏడ్చింది.

"ముగ్గురు బతికారు నాన్నా," అంటోంది పెద్దమ్మాయి. "ఆయన చెప్పినట్టు చేశారు కనుక బతికారు. ఈ కనుక మీ కాగితంలో లేదేం?"

కెప్టెన్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

తల్లి ఇద్దరి మధ్యా నిలబడింది. ఆవిడ ఈ నలభై ఒక్క రోజుల్లో ఏడ్చింది తక్కువ, సర్దింది ఎక్కువ.

"ఏదో జరిగిపోయింది. ఎవరు మాత్రం కావాలని చేస్తారు? అల్లుడు కూడా ఓసారి మళ్ళీ తోడి చూసుకుని ఉంటే..." అని, అన్న తర్వాత నాలుక కరుచుకుంది.

"తోడలేదు," అంది పెద్దమ్మాయి.

"నువ్వు చూశావా? తోడాడేమో."

"తోడలేదమ్మా. నాకు తెలుసు. నేనే వద్దన్నాను."

కెప్టెన్ అప్పుడు తలెత్తాడు.

విమానం సంగతి తెలిసినవాళ్ళకి ఆ మాట ఎంత పెద్దదో తెలుస్తుంది. చక్రాలకి బదులు రెండు పొడుగాటి అల్యూమినియం డొల్లల మీద కూర్చునే విమానం అది. ఆ డొల్లలే ఫ్లోట్లు. ఒక్కోదాని లోపల అడ్డుగోడలతో ఆరేసి అరలు. ఎంత బిగించినా రాత్రికి రాత్రి చెంబెడు నీళ్ళు చేరుతూనే ఉంటాయి. అందుకని పొద్దున్నే ఒక్కో అర మూత తీసి, చేతి పంపు దించి, ఎన్నిసార్లు కొడితే ఖాళీ అయిందో పుస్తకంలో రాయాలి. రోజూ మూడు వచ్చే చోట ముప్ఫై వచ్చిందంటే ఆ రోజు విమానం కదలదు. ఎవరు నడుపుతారో వాళ్ళే తోడుకోవాలని రేవు పద్ధతి. ఆ పద్ధతి పెట్టింది కెప్టెనే.

కానీ కెప్టెన్‌కి ఇప్పుడు ఎగరడానికి డాక్టర్లు ఒప్పుకోవడం లేదు. రేవులోనే ఉంటాడు. అయిదింటికే లేచి వెళ్ళి, అల్లుడు వచ్చేలోగా తోడిపెట్టడం ఆయనకి మిగిలిన ఒకే ఒక్క పని. అల్లుడు వచ్చి, నమస్కారం పెట్టి, మళ్ళీ మొదటి నుంచీ తోడేవాడు.

"ఆ గొడవ మీకందరికీ గుర్తుందిగా," అంది పెద్దమ్మాయి. "నా లెక్క మీద నమ్మకం లేదా అల్లుడూ అని నాన్న అన్నాడు. మూడు రోజులు మాట్లాడలేదు. అన్నం గదిలోకి తెప్పించుకుని తిన్నాడు. ఆ మూడో రోజు నేను ఆయనకి చెప్పాను. నాన్న పెద్దవాడైపోయాడు, ఆ ఒక్క పనీ లాగేసుకోకండి, ఆయన తోడితే మీరు తోడినట్టే అనుకోండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నేను ఏడ్చాను. అప్పుడు ఒప్పుకున్నాడు."

కెప్టెన్ కాగితం మీంచి చెయ్యి తీశాడు.

"నువ్వు చెప్పబట్టా?" అన్నాడు. "నేను... తనే అనుకున్నాను. తనంతట తనే నమ్మాడనుకున్నాను."

"నీ మీద నమ్మకం లేక కాదు నాన్నా. ఎవరి మీదా పెట్టుకోకూడదని నువ్వే నేర్పావు కదా."

ఆయన అన్నదానికి ఆమె జవాబు చెప్పింది, అంతే. కానీ ఆ జవాబు విన్నాక కెప్టెన్ ముఖం గోడకి తిప్పుకున్నాడు. అటు తిరిగే మళ్ళీ, "పెన్ను ఇవ్వమ్మా. అయిపోనీ," అన్నాడు.

"ఇవ్వను."

తల్లి చల్లగా వంటింట్లోకి జారుకుని చిన్నకూతురి చెయ్యి పట్టుకుంది.

"నీ స్కూటరు డిక్కీలో పెన్నుంటుందిగా. తెచ్చి నాన్నకివ్వు."

"అమ్మా!"

"ఏం చెయ్యమంటావే? ఆ పెట్టేదేదో పెట్టేస్తే ఈ ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలుగుతుంది. పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాళ్ళిద్దరూ తినక చచ్చేలా ఉన్నారు."

స్కూటరు మెట్ల కింద కవరు కప్పుకుని ఉంది. నలభై ఒక్క రోజులుగా ఎవరూ తియ్యలేదు. ఆ పొద్దున్న ఫోను రాగానే చిన్నమ్మాయి పక్కింటాయన కారులో రేవుకి పరుగెత్తింది. ఆ తర్వాత రేవుకి వెళ్ళాల్సిన పనే లేకపోయింది.

కవరు మీద దుమ్ము దులిపి డిక్కీ తెరిచింది. పెన్ను పైనే ఉంది. దాన్ని తీస్తుంటే రెయిన్‌కోటు కింద ఏదో గట్టిగా చేతికి తగిలింది.

పాత తువ్వాలులో చుట్టిన పంపు. మూరెడు పసుపు గొట్టం, పైన నల్ల పిడి.

ఒక్క క్షణం ఆమెకి ఏమీ అనిపించలేదు. రేవులో కొక్కేనికి వేలాడాల్సిన పంపు ఇక్కడికెలా వచ్చిందా అనుకుంది. తర్వాత గుర్తొచ్చింది. పంపు సరిగ్గా పీల్చడం లేదని, వాషరు మార్పించమని బావే ఇచ్చాడు. రేవులో పెట్టేస్తానని బావకి చెప్పి సాయంత్రం బజారుకి పట్టుకెళ్ళింది. షాపువాడు మార్చి ఇచ్చాడు. పొద్దున్నే రేవులో పెట్టేద్దాం అనుకుని డిక్కీలో పడేసి, నాన్నకి ఫోను చేసి చెప్పడం మర్చిపోయింది. చెప్పేదేముందిలే అనుకుంది కూడా, ఎందుకంటే బావ విమానం ఎనిమిదింటికి. కానీ ఆ పొద్దున్న ప్రయాణికులు తొందరపెట్టారట. అవతలి ఒడ్డు ఆస్పత్రిలో ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని ఆరింటికే బయల్దేరారు.

తువ్వాలుకి పిన్నుతో గుచ్చిన షాపు చీటీ అలాగే ఉంది. ప్రమాదానికి ముందు రోజు తేదీ. సాయంత్రం ఆరూ నలభై.

పంపు ఆ రాత్రంతా ఇక్కడే ఉంది. ఆ పొద్దున్నా ఇక్కడే ఉంది. రేవులో ఉండే రెండో విమానం తన పంపుతో సహా రెండు రోజుల ముందే అవతలి ఒడ్డుకి వెళ్ళిపోయింది. ఈ పంపు మునిగిన విమానంతో పాటు పోయిందని రేవులో అందరూ అనుకున్నారు.

మరి పుస్తకంలో ఆ రోజు తేదీ కింద పన్నెండు అంకెలు ఎలా వచ్చాయి? మూడు, రెండు, రెండు, నాలుగు... నాన్న గుండ్రటి చేతిరాత. ఆ పేజీని అధికారి జెరాక్స్ తీసి తన ఫైల్లో పెట్టుకున్నాడు.

చిన్నమ్మాయి డిక్కీ అలాగే వదిలేసి మెట్టు మీద కూర్చుండిపోయింది.

పైన అక్క గొంతు వినిపిస్తోంది, మాటలు తెలియడం లేదు. ఈ చీటీ పట్టుకుని పైకి వెళ్తే బావ దేనికీ తగిలించలేదని తేలుతుంది. కారిన అర ముందు నుంచే కారుతోంది, తోడి ఉంటే తెలిసేది. అక్కకి కావలసింది అదే కదా. కానీ ఆ వెంటనే అక్కకి ఇంకోటి కూడా తెలుస్తుంది. మళ్ళీ తోడే మనిషిని వద్దని ఆపింది ఎవరో. ఇప్పుడు అది ఒక బాధ. ఈ చీటీ చూశాక అది ఇంకేదో అవుతుంది. ఇక నాన్న సంగతి ఆమె ఆలోచించలేకపోయింది. పంపు పట్టుకెళ్ళి ఒక్క ఫోను చెయ్యని తన సంగతి అసలే ఆలోచించలేకపోయింది.

పంపుని మళ్ళీ తువ్వాలులో చుట్టి, రెయిన్‌కోటు కింద పెట్టి, డిక్కీ మూసేసింది. పెన్ను తీసుకుని పైకి వచ్చింది.

గుమ్మం దగ్గర కొత్త బూట్ల జత ఉంది. అధికారి అరగంట ముందే వచ్చేశాడు.

బక్కపల్చటి మనిషి. చెడ్డవాడేం కాదు. వచ్చినప్పుడల్లా పెద్దమ్మాయికి ముందు నమస్కారం పెట్టి ఆ తర్వాతే కూర్చుంటాడు. "ఒక్క నిమిషం పని కెప్టెన్ గారూ. నాకూ ఇది బాగాలేదు," అంటూ జేబులోంచి తన పెన్ను తీసి బల్ల మీద పెట్టాడు.

పద్నాలుగు పెన్నులు ఒళ్ళో పెట్టుకున్న పెద్దమ్మాయి ఆ పదిహేనో పెన్నుని చూసింది. ఇంక తన చేతిలో ఏమీ లేదని అర్థమైనవాళ్ళలా వెనక్కి ఆనుకుంది. అక్క అంతసేపూ అరిచినప్పుడు భరించగలిగిన చిన్నమ్మాయి ఆ ఆనుకోవడం చూసి భరించలేకపోయింది.

"పద్ధతి ప్రకారం ఒకసారి అడగాలి," అన్నాడు అధికారి. "పన్నెండు అరలూ మీరే తోడారు కదండీ?"

కెప్టెన్ రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి.

"తోడాను," అన్నాడు.

ఆ చేతులనే చూసింది చిన్నమ్మాయి. ఆ ఇంట్లో అలా జవాబు చెప్పడం ఆమె పుట్టాక చూడలేదు.

విమానంలో ఒకరు జాబితా చదువుతారు, ఒకరు జవాబు చెప్తారు. నీటి చుక్కాని? ఎత్తాను. పెట్రోలు మీట? తెరిచాను. ఎత్తాను అన్నప్పుడు చెయ్యి చుక్కాని పిడి మీద ఉండాలి, తెరిచాను అన్నప్పుడు మీట మీద ఉండాలి. చేతులు ఒళ్ళో పెట్టుకుని చెప్పావో, కెప్టెన్ జాబితా మొదటికి తిప్పేవాడు. "ముట్టుకుని చెప్పు. కంటికి నిన్న చూసింది కూడా ఇవాళ చూసినట్టే ఉంటుంది. చేతికి అలా కాదు." ఆ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చేసింది. గ్యాసు కట్టేశావా అని తల్లి అడిగితే అవునని ఊరుకుంటే కుదరదు, వంటింట్లోకి వెళ్ళి మీట మీద చెయ్యి వేసి అక్కడి నుంచి కేక పెట్టాలి. పెళ్ళైన కొత్తలో బావ ఒక్కడే ఆ పనిని ముచ్చటపడి చేసేవాడు.

కెప్టెన్ అధికారి పెన్ను అందుకున్నాడు.

"ఒక్క నిమిషం," అంది చిన్నమ్మాయి.

మెట్లు ఎలా దిగిందో, ఎలా ఎక్కిందో ఆమెకి గుర్తులేదు. తువ్వాలు మూటని కాగితం పక్కన పెట్టి విప్పింది. పసుపు గొట్టం బల్ల మీద దొర్లి కెప్టెన్ మోచేతికి తగిలి ఆగింది.

"ముట్టుకుని చెప్పు నాన్నా," అంది.

అధికారికి ఏమీ అర్థం కాలేదు. అర్థమైనవాడు కెప్టెన్ ఒక్కడే. ఆయన దాన్ని పామును చూసినట్టు చూడలేదు, పోయాడనుకున్న మనిషిని చూసినట్టు చూశాడు.

పెద్దమ్మాయి లేచి వచ్చింది. తువ్వాలుకి ఉన్న చీటీ చదివింది. తేదీ దగ్గర ఆగింది. మళ్ళీ చదివింది.

"ఇది ఎక్కడుంది?" అంది చెల్లెలితో.

"నా డిక్కీలో. ఆ రోజు నుంచీ. నేను చెప్పడం మర్చిపోయానక్కా. ఫోను చెయ్యాల్సింది, చెయ్యలేదు."

పెద్దమ్మాయి తండ్రి వైపు తిరిగింది. చాలా మెల్లగా, విమానంలో జాబితా చదివే గొంతుతో అడిగింది. ఆ గొంతు ఆమెది కాదు, రోజూ పొద్దున్నే అద్దం ముందు షేవింగ్ చేసుకుంటూ జాబితా వల్లెవేసుకునే భర్తది.

"ఎడమ ఫ్లోటు, ముందు అర. ఎన్ని?"

కెప్టెన్ చెయ్యి పంపు పిడి మీదికి వెళ్ళింది. అలవాటు కొద్దీ వెళ్ళింది. పెదవులు కదిలాయి. అంకె రాలేదు.

"కొక్కేనికి లేదు," అన్నాడు చివరికి. "వెతికాను. విమానంలో పెట్టాడేమో అనుకున్నాను. ప్రయాణికులు తొందరపెడుతున్నారు, వాళ్ళలో ఒకమ్మాయి ఏడుస్తోంది, ఆ రోజు ఏడు దాటితే గాలి లేస్తుందన్నారు. ఆర్నెల్లుగా అవే అంకెలమ్మా. రోజూ అవే. రాసేశాను."

"ఆయన అడగలేదా?"

"అడిగాడు."

"ఏమని?"

"తోడారా మామయ్యగారూ, అన్నాడు."

"నువ్వేమన్నావు?"

కెప్టెన్ తన ఒళ్ళోకి చూసుకున్నాడు. ఆయన ఏమన్నాడో ఇందాకే అందరూ విన్నారు. తల్లి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని గోడకి ఆనుకుంది.

పెద్దమ్మాయి అరవలేదు. "ఆయన నా మాట వినకపోయి ఉంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. సోఫా మీది హ్యాండ్‌బ్యాగు తెచ్చి బల్ల మీద బోర్లించింది. పెన్నులన్నీ గలగలమని కాగితం మీద, పంపు మీద, కెప్టెన్ ఒళ్ళో పడ్డాయి. స్కెచ్ పెన్ను దొర్లి కిందపడింది.

"రాయి నాన్నా."

"కెప్టెన్ గారూ," అన్నాడు అధికారి కంగారుగా. "మీరు ఇప్పుడు అన్నది నేను ఇంకా వినలేదు. కాగితం మీద పెట్టారంటే సంగతి నా చేతిలో ఉండదు. మీ ముప్ఫై రెండేళ్ళూ పోతాయి. కేసు, జైలు దాకా కూడా వెళ్ళొచ్చు. ఒక రోజు ఆలోచించుకోండి."

"ఒక రోజు ఆలోచిస్తే నేను రాయను బాబూ," అన్నాడు కెప్టెన్. "నాకు నా సంగతి తెలుసు."

పెన్నుల గుట్టలోంచి ఒకటి తీశాడు. ఫోను పక్కన వేలాడే పెన్ను అది, చివర దారం ముక్క ఇంకా ఉంది. కాగితాన్ని వెనక్కి తిప్పాడు. ఆ వైపు తెల్లగా ఉంది. ఎడమచెయ్యి పంపు మీదే ఉంది, అది తియ్యలేదు.

"నీది అయ్యాక దాని కింద నాది కూడా రాయి," అంది పెద్దమ్మాయి. "మళ్ళీ తోడుకునే మనిషిని పెళ్ళాం ఆపిందని రాయి. ఏడ్చి ఆపిందని రాయి."

"నీది రాయను."

"నాన్నా."

"నా చేత్తో రాయను. నేను మూడు రోజులు అలిగి గదిలో కూర్చోకపోతే నువ్వు వాడికి చెప్పేదానివే కాదు. అది కూడా నాదే."

"ఆయన పేరు మీద ఒక్క మచ్చ ఉండకూడదు. సగం నిజం రాస్తే, మామగారు చెప్పగానే గుడ్డిగా నమ్మాడంటారు. గుడ్డిగా నమ్మే మనిషి కాదు ఆయన. నా కోసం నమ్మాడు. నువ్వు రాయకపోతే నేనే రాస్తాను."

తండ్రి కుర్చీ పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుని, తనూ ఒక పెన్ను మూత తీసింది. చిన్నమ్మాయి చేతిలో డిక్కీలోంచి తెచ్చిన పెన్ను అలాగే ఉంది. ఆ సంగతి ఆమెకి ఇప్పుడే గుర్తొచ్చి, ఆమె కూడా తన వంతు రాయడానికి వచ్చి నిలబడింది.

బల్ల మీద కాగితం మాత్రం ఒక్కటే ఉంది.